గడ్డం ఉన్న మేకపోతు

తెల్లవారేసరికి పలమనేరు మీద మబ్బు కమ్మింది కానీ, చినుకు రాల్చలేదు. ఆదివారం ఆదివారం నెట్‌లో పెట్టే మేకపోతుల కామిక్‌ను కోమలి పంచలో కూర్చుని గీస్తోంది. నాయన పక్కనే ఉన్నాడు. పొలం గట్టు తగాదాతో నిరుటి నుంచి ఆయనతో మాటల్లేని చిన్నాయన తిరుమలయ్య, పోయిన వారం కామిక్ తెరిచిన ఫోను పట్టుకుని వచ్చాడు. అన్నదమ్ముల మధ్య మాట ఏదైనా కోమలే అందించాలి.

“కోమలీ, గట్టు కోసం కొట్లాడే ఈ మేకపోతుల్లో నేను యాది? మీ నాయన్ను అడిగి చెప్పు.”

“కొమ్ము వంకరది మీ చిన్నాయనేనని చెప్పుమ్మా,” అన్నాడు నాయన.

“వంకరది మీ నాయనని చెప్పు. గడ్డం నీటుగా ఉండేది నేను.”

“ఆ గడ్డం నాదని చెప్పు.”

“నీకు గడ్డం యాడుండాదిన్నా? మూతి నున్నగా ఉండాదే.”

“నీకు మాత్రం ఉండాదేంరా?”

కోమలి చేయి ఆగిపోయింది. ఇద్దరూ ఆమెను మరిచిపోయారు.

అమ్మ గడపలోంచి మెల్లగా అడిగింది. “వీళ్లు కలిసిపోతే నీ కామిక్ గతేందే?”

“పోనీమ్మా. సంగటి పెట్టు.”

నలుగురూ తినడానికి కూర్చున్నాక, చిన్నాయన ఊరిబిండి పచ్చడి గిన్నెను అన్న వైపు జరిపాడు.