గోడ దూకే ప్రాక్టికల్స్

పెద్దలకు ఎదురు తిరిగే పిల్లల గురించి రాసిన ఒక నవల, పదకొండు భాగాలూ ఇంటర్‌లో పాఠ్యపుస్తకాలయ్యాక, ఎదురు తిరగడానికి కూడా ర్యాంకులు వచ్చాయి. తన్మయికి మాత్రం ఆ సబ్జెక్టు బుర్రకెక్కలేదు.

"ఎదురింటి పిల్లని చూడవే, గోడ దూకి స్టేట్ ఫస్ట్ వచ్చింది. నా మాట విని నువ్వూ కాస్త ఎదురు తిరగవే!" అని తల్లి శ్యామల రోజూ పోరేది. తెల్లవారుజామున కోచింగ్‌కి కూడా పంపింది.

ప్రాక్టికల్స్ రోజు కాలేజీ ఆవరణలో షామియానా వేసి తల్లిదండ్రులను కూర్చోబెట్టారు. పిల్లలు ఇస్త్రీ యూనిఫారాలతో, రోల్ నంబర్ల వరుసలో వచ్చి, ముందుగా ప్రిన్సిపాల్ కాళ్ళకి దండం పెట్టుకున్నారు. ఆయన ఈల ఊదగానే "మేం ఎవరి మాటా వినం!" అని ఒక్క గొంతుతో అరిచి, ఒకరి తర్వాత ఒకరు గోడెక్కి, అవతల పరిచిన పరుపుల మీదికి దూకారు. కిందపడి సారీ చెప్పినమ్మాయికి రెండు మార్కులు కోశారు.

తన్మయి వంతు వచ్చింది. ఆమె గోడ వంక చూసింది. పక్కనే బార్లా తెరిచి ఉన్న గేటు వంక చూసింది. అందరూ గోడ దూకేవాళ్ళే కాబట్టి ఆ గేటుకి ఏళ్ళ తరబడి తాళం వేయలేదు.

"నేను దూకను సార్. నాకీ కాలేజీ వద్దు, వెళ్ళిపోతున్నా" అని చెప్పి, గేటులోంచి తాపీగా రోడ్డు మీదికి నడిచింది.

షామియానా కింద నుంచి శ్యామల ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, దీనికి ఎన్ని మార్కులేస్తారండీ?"

ఆయన పరీక్ష మధ్యలోనే వాచ్‌మన్‌ని పిలిచి, గేటుకి తాళం వేయమన్నాడు.