చెంబులో నీళ్లు

మా ఊరి పక్క మైదానంలో సైన్యం వాళ్లు ఫిరంగులకి సైలెన్సర్లు బిగించి, పేలని సాధన గుండ్లు వాడడం మొదలెట్టాక మా ఊళ్లో చంటిపిల్లలు కూడా ఉలిక్కిపడడం మానేశారు. నేల అదురు మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. అందుకే మా ఆయన సింహాద్రి ఆ మైదానంలోకి మేకల్ని తోలేముందు గుమ్మంలో పెట్టిన చెంబులోకి చూసేవాడు. నీళ్లు వణికితే ఆగేవాడు.

ఆ రోజు పాప అటే పాకుతోందని చెంబు తీసి బొంత మడత మీద పెట్టాను.

"పైడీ, నీళ్లు కదలట్లేదే, ఎల్లొస్తాను" అన్నాడు.

"బేగొచ్చేయ్" అన్నాను.

బొంత మీద నీళ్లెందుకు వణుకుతాయి? మధ్యాహ్నానికి మేకలే తిరిగొచ్చాయి. వాటి వెనక, గుండు తగిలిన ఆయన్ని మోసుకొచ్చారు.

ఇవాళ చప్పుడు కొలిచే ఆఫీసరొచ్చి, కాల్పులు ముగిశాక మంచినీళ్లడిగాడు.

"ఇప్పుడు హాయిగా ఉంది కదమ్మా?"

ఫిరంగులు అప్పటికే ఆగిపోయాయి. నేనందించిన చెంబులో నీళ్లు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.