జీవరత్నమ్మ తేరుకుంది

"నాకు ఆపరేసనొద్దు. నన్ను పలాస తీసుకుపో. మీ పెదనాన్న ఒక్కడే ఉన్నాడే ఇంటికాడ!" మంచం ఊచ పట్టుకుని వదలడం లేదు జీవరత్నమ్మ.

లిల్లీ ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. ముప్పై ఏళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసిన వేళ్లు. డెబ్బై రెండేళ్లొచ్చినా పట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"పెదనాన్న సంగతి నాను సూసుకుంటాను. నువ్వూరుకో పెద్దమ్మా."

"నువ్వేటి సూత్తావే? నీ మొగుడూ పిల్లలూ నీకున్నారు."

అదీ నిజమే. పిల్లల్లేని మనిషికి చెల్లెలి కూతురు ఎంతని ఆసరా అవుతుంది? ఆదివారం ప్రార్థన అయ్యాక గుమ్మంలోంచే ఓసారి పలకరించి పోతుంది, అంతే. అందుకే పెద్దమ్మ పెరట్లో గచ్చు మీద జారిపడిన సంగతి ఆమెకు తెలియనే లేదు. మూడు వారాలకి నడక తూలడం మొదలయ్యాక గాని విశాఖ రైలెక్కించలేదు.

డాక్టరు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు.

"ఇదంతా నెత్తురే. కుర్రాళ్ల తలలో చోటుండదు, నెత్తురు చేరితే వెంటనే బయటపడుతుంది. పెద్దవాళ్లకి మెదడు కాస్త కుంచించుకుపోయి ఉంటుంది. ఆ ఖాళీలో వారాల తరబడి మెల్లగా నిండుతుంది."

"తీసేస్తే బాగైపోతుందా సార్?"

"చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తాం. కానీ కుర్రాళ్లు తేరుకున్నట్టు ఈ వయసువాళ్లు తేరుకుంటారని మాటివ్వలేను. ప్రాణానికీ భయమే. చెయ్యకపోతే మాత్రం దక్కదు. ఆవిడ భర్తని పిలవండి, సంతకం కావాలి."

లిల్లీ తల దించుకుంది. "ఆయన రాలేరు సార్. నేను పెడతాను."

మధ్యాహ్నం గుండు గీస్తుంటే జీవరత్నమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. జుట్టు పోతోందని కాబోలనుకుంది నర్సు.

"నీకు తెల్దే లిల్లీ. ఏళ్లకేళ్లు నాతో ఒక్క మాట మాటాడ్నేదు. గోడల్తో కాపరం సేసినాను. ఈమధ్యే మాట కలిపినాడు. పొద్దున్నే వచ్చి పొయ్యికాడ కూకుంటన్నాడు. 'రత్నం, టీ ఏదీ?' అంటన్నాడు. ఇప్పుడు నాను సచ్చిపోతే ఆ మనిసి ఏటైపోతాడే?"

లిల్లీ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. దేవుణ్ణి ఏమడగాలో తోచక, ఏది మంచిదో అదే చెయ్యి తండ్రీ అనేసి ఊరుకుంది.

ఆపరేషన్ అయింది. నాలుగో రోజుకి జీవరత్నమ్మ లేచి కూర్చుని తన చేత్తోనే గంజి తాగింది. డాక్టరు సంతోషం ఇంతా అంతా కాదు. శిష్యుల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

"పేరేంటమ్మా?"

"జీవరత్నమ్మ."

"ఇదేం నెల?"

"ఆగస్టు. రెండువేల మూడు."

"ఈవిడెవరు?"

"నా సెల్లి కూతురు లిల్లీ. అది నేకపోతే నాను బతికేదాన్నే కాదు బాబూ."

"అబ్బో! కుర్రాళ్లు కూడా ఇంత బాగా తేరుకోరు," అన్నాడు డాక్టరు శిష్యుల వైపు తిరిగి. "ఇంకా బెంగెందుకు మామ్మగారూ? వారం తిరక్కుండా మీ ఆయన దగ్గరికి పంపించేస్తాను."

జీవరత్నమ్మ ఆయన వంక వింతగా చూసింది. తర్వాత లిల్లీ వంక చూసింది. లిల్లీ కిటికీ వైపు తిరిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఆయన పోయి ఆరేళ్లయింది బాబూ."