గాలాడని మూత

“మళ్లీ ఆగిందా?” వెనకసీట్లోంచి వచ్చీరాని హిందీలో అడిగాడు బాబా యూసఫ్.

“ఆగింది బాబా,” అన్నాడు లోవరాజు, స్టీరింగు మీద తల ఆనించి.

బుదైయాలో సరిగ్గా ఆ ఆకుపచ్చ గేటుకి నాలుగడుగుల అవతల ఆగింది ముప్పై ఏళ్ల నాటి ఆ అమెరికా బండి. వరసగా ఇది నాలుగో శుక్రవారం. ఇంకొకరైతే డ్రైవర్ని నానా మాటలూ అనేవారే. బాబా పల్లెత్తు మాట అనలేదు. అలవాటుగా ఏదో నములుతూ, కిటికీలోంచి ఖర్జూరపు తోటలకేసి చూస్తూ కూర్చున్నాడు.

లోవరాజు వెళ్లి గేటు తట్టాడు. నీళ్ల సీసాతో వచ్చి తలుపు తీసింది సత్యకుమారి. ఆ ఇంట్లో పనిమనిషి. లోవరాజుకి పెళ్లాం.

“ఏవండోయ్, మళ్లీ ఆపేశారా?” అంది గుసగుసగా.

“నేనాపలేదే, నీమీదొట్టు! అదే ఆగింది.”

“ఆగితే ఆగింది గానీ, పొద్దున్నేం తిన్నారు?”

అదీ వాళ్ల కాపురం. కోనసీమ నుంచి ఒకే ఏడాది బహ్రెయిన్ వచ్చారు. అతను బుసైతీన్‌లో బాబా ఇంట్లో, ఆమె ఇక్కడ బుదైయాలో. గేటు దగ్గర మగవాళ్లతో మాట్లాడితే సత్యకుమారి మేడమ్ అస్సలు ఊరుకోదు. కానీ దారిలో బండి ఆగినవాడికి నీళ్లు లేవనడం ఆ ఇంట్లో మహాపాపం. అందుకని ఇంజను చల్లారేదాకా ఓ పావుగంట ఎవరూ ఏమీ అనరు.

మొదటిసారి నిజంగానే రేడియేటర్ ఎండిపోయి ఆగింది. ఆ రోజు గేటు దగ్గర సత్యకుమారి నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చేసింది. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ఇదే తంతు. బాబా కూడా తన తోటకి వెళ్తూ వెళ్తూ “ఈ వీధిలోంచి పోనీ, చల్లగా ఉంటుంది” అనేవాడు. ఒక్కోసారి రెండేసి చుట్లు తిప్పించేవాడు. ఆమె తన భార్య అని లోవరాజు ఆయనకి చెప్పలేదు. చెబితే కావాలనే ఆపుతున్నాడనుకోరూ!

ఇవాళా సత్యకుమారి బండి వెనకనుంచి తిరిగొచ్చి నీళ్లు అందించింది. శుక్రవారం కదా, ఇల్లంతా ధూపం వేసినట్టుంది, చేతులనిండా సాంబ్రాణి వాసన.

బుసైతీన్ చేరేసరికి గుమ్మంలోనే ఉన్నాడు బాబా కొడుకు ఖాలిద్.

“ఇంకొక్కసారి ఆగిందంటే ఈ డొక్కు ఖలాస్. నీ వీసా కూడా ఖలాస్. కొత్త బండి కొని నేనే నడుపుకుంటాను.”

మర్నాడే లోవరాజు బండి తీసుకుని మెకానిక్ దేవన్న షెడ్డుకి పరిగెత్తాడు. దేవన్నది జగిత్యాల వైపు. పాత బండ్లంటే ప్రాణం పెడతాడు.

“రేడియేటర్ మంచిగున్నది. పంపు మంచిగున్నది. మరేం రోగమొచ్చె దీనికి?” అంటూ దేవన్న బండి వెనక్కి పోయాడు. నంబరు ప్లేటు కిందికి వంచి, దాని వెనకాల ఉన్న పెట్రోలు మూత తిప్పాడు. బుస్సుమంటూ టాంకీ గాలి పీల్చుకుంది.

“ఆఁ, దొరికింది దొంగ! లోవన్నా, గీ మూతకు సన్న చిల్లుంటది. పెట్రోలు అయిపోయినకొద్ది అండ్లకెళ్లి గాలి లోపటికి పోవాలె. పాలడబ్బకు ఒక్కటే పొక్క కొడితే పాలు దిగుతయా? రెండోది కొట్టాలె గద! గిది గూడ గట్లనే. గాలి పోకుంటే పెట్రోలు రాదు, బండి ఆగుతది. జరసేపైతే మెల్లగ గాలి జొర్రి మళ్ల నడుస్తది.”

“చిల్లు దుమ్ముతో పూడిపోయిందా?”

“దుమ్మైతే గాదు.” దేవన్న సూదితో గీకి, తెల్లటి బంక ముద్ద బయటికి తీశాడు. “ఎవలో కావాల్నని పెట్టిన్రు. వాసన జూడు.”

లోవరాజు చూశాడు. సాంబ్రాణి!

ఓసి సత్యకుమారీ! నేను బానెట్ ఎత్తి తంటాలు పడుతుంటే నువ్వు బండి వెనకాల చేసే పని ఇదా? నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఉద్యోగం పోతే ఆ పావుగంట కూడా ఉండదు కదే పిచ్చిదానా!

“గీ పని జేసింది ఎవలు, లోవన్నా?” అన్నాడు దేవన్న.

“ఏమో దేవన్నా. శుభ్రంగా తుడిచెయ్యి,” అన్నాడు లోవరాజు.

శుక్రవారం వచ్చింది. ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి, ముద్దుగా ఓసారి తట్టడం బాబాకి అలవాటు. ఈసారి ఆయన బండి వెనక్కి వచ్చేసరికి లోవరాజు నంబరు ప్లేటు తుడుస్తూ అక్కడే నిలబడ్డాడు, ఎంతకీ కదలడు. బాబా చూసి చూసి వెళ్లి కూర్చున్నాడు.

బండి పరుగే పరుగు. ఆకుపచ్చ గేటు వచ్చింది. సత్యకుమారి నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది. లోవరాజు పళ్లబిగువున ముందుకి పోనిచ్చాడు.

“ఇంకో చుట్టు,” అన్నాడు బాబా.

మళ్లీ గేటు. మళ్లీ సత్యకుమారి. లోవరాజు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

“ఇంకో చుట్టు.”

మూడోసారి వీధి మొదట్లోకి రాగానే బాబా ముందుకి వంగాడు. “ఇవాళ ఆగదేం?”

“బాగుచేయించాను బాబా. ఇంకెప్పుడూ ఆగదు.”

బాబా నిట్టూర్చాడు. “నీ భార్య చేతిలో ఆ నీళ్లు ఎండకి కాగిపోతున్నాయి.”

లోవరాజు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. “బాబా! మీకెలా...”

“మొదటి రోజు ఆమె ఏడుపు చూశానులే. ఖాలిద్‌తో నేను మాట్లాడతాను. బండీ నాదే, నీకు వీసా ఇచ్చిన కఫీల్‌నీ నేనే. ఈ వారానికి గేటు దగ్గర తాళం తిప్పి ఆపేయ్. వచ్చే వారానికి, ఇదిగో, చెయ్యి ఇటివ్వు.”

లోవరాజు అయోమయంగా చెయ్యి వెనక్కి చాపాడు.

అరచేతిలో పడింది, బాబా అంతదాకా నములుతున్న సాంబ్రాణి బంక.