రెండో చెయ్యి

శనివారం మధ్యాహ్నం. ఈ దేశంలో ఫిబ్రవరి అంటే నడివేసవి. నలభై డిగ్రీల ఎండలో సాల్స్‌బరీ స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు కేశవరావు. తాహెర్ గరాజ్ తలుపు పైకెత్తాడు.

"ఒక్క ఫోన్ కొడితే కారేసుకుని వచ్చేవాణ్ణిగా."

"నడకే అలవాటైంది భాయ్."

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. రెండేళ్ళు కలిసి, కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే వైటూకే చాకిరీ చేశారు. లోకం తలకిందులవుతుందన్న జనవరి ఒకటి చడీచప్పుడు లేకుండా దాటిపోయి నెలైంది.

బల్ల మీద విమానం చుక్కాని ఉంది. విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చి ఇంట్లోనే కట్టుకునే చిన్న విమానం అది. ముందు తోక కట్టాలి; చుక్కాని అందులో ఒక భాగం. తాహెర్ కూతురు అఫీఫా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూ తెప్పించుకుంది. చుక్కాని సగం చేసింది. ఆమె పోయి ఆరు నెలలు. మిగిలిన సగం పూర్తిచెయ్యాలి. తాహెర్‌కు ఇంక వేరే కోరిక లేదు.

రేకులను కలిపే రివెట్ మేకు వెయ్యడం ఒక్కడివల్ల కాదు. రేకుకు ఇటునుంచి ఒకరు గన్‌తో కొట్టాలి, అటునుంచి ఒకరు ఇనుప దిమ్మ అదిమిపట్టాలి. అప్పుడు అఫీఫా కొట్టేది, తాహెర్ పట్టేవాడు. ఇప్పుడు తాహెర్ కొడుతున్నాడు, కేశవరావు దిమ్మ పట్టుకుంటున్నాడు. ఆ మోతలో మాట వినబడదు. దిమ్మ పట్టినవాడు రేకు మీద ఒకసారి తడితే ఇంకో దెబ్బ కావాలని, రెండుసార్లు తడితే బాగుందని. మూడు నెలలుగా ఆ ఇద్దరి మధ్యా అంతకుమించి సంభాషణ లేదు.

తాహెర్ మంచినీళ్ళకు లోపలికి వెళ్ళాడు. భార్య రుమానా పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరగలేదు.

"ఆఫీసులో ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"రివెట్‌కు ఇద్దరు కావాలి రుమానా."

"కావాలి. ఆయనే కావాలా? మనింట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు."

"శనివారం ఒక్కపొద్దుట."

"మంచినీళ్ళకు కూడానా ఒక్కపొద్దు?" స్టవ్ కట్టేసింది. "ఇది అయిపోతే మళ్ళీ రాడుగా?"

"రాడు."

నాలుగింటికి ఆఖరి రివెట్ పడింది. ఇలా ఇంట్లో కట్టే విమానాలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ముసలాయన వచ్చి, టార్చి వేసి ఒక్కో వరసా చూశాడు.

"ఈ పక్కవి ఎవరు వేశారు? మీ ఇద్దరూ వెళ్ళి వాళ్ళ దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి."

"మా అమ్మాయి."

"మరి ఆమెనే రమ్మనకపోయారా!" అని నవ్వాడాయన.

తాహెర్ తనిఖీ కాగితం ఆయన ముందుకు జరిపాడు. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

కేశవరావు దిమ్మ తుడిచి బల్ల మీద పెట్టాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"వెళ్ళొస్తాను భాయ్... వెళ్తాను."

ఇంట్లోంచి గరాజ్‌లోకి వచ్చే తలుపు తెరుచుకుంది. రుమానా. మూడు నెలల్లో ఆమె ఆ గడప దాటడం అదే మొదలు. చుక్కాని దగ్గరికి వచ్చి, కూతురు వేసిన వరస మీద వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. కేశవరావు తల ఎత్తలేదు.

"తోకకు ఎలివేటర్ రెక్కలు ఇంకా మిగిలున్నాయి" అంది. "వచ్చే శనివారం రండి. తిని రాకండి."



ఆరు నెలల కిందట, వైటూకే పనిలో రెండు రాత్రులు నిద్రలేకుండా, యూనీ నుంచి అఫీఫాను తన కారులో ఇంటికి తెస్తూ స్టీరింగ్ మీద కునికిపాటు పడింది కేశవరావే.