కూపే తలుపు మీద సొట్ట

"దాన్ని సొట్ట అనకండి, దోన్యా సులేమా!" మెకానిక్ ఎవరిస్తో చేతిలోని రెంచీని బల్ల మీద విసిరికొట్టాడు. "మీ నోటి వెంట ఆ మాట వినాల్సొచ్చింది, నా ఖర్మ!"

"సొట్టను సొట్ట అనక పతకం అంటారట్రా? బండి నాది. ఆదివారం లోపల తీసెయ్."

ఎవరిస్తోకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన రెండు తలుపుల కూపే కారు అది. సులేమా మొగుడు, పోయిన రామీరో, కొండదారి పందెంలో తోలిన బండి. ఆవిడ కోళ్ళపాకలో తుప్పుపట్టి పడుంటే తెచ్చి, కుళ్ళిన చెక్క చట్రం మార్చి, రేకులు అతికి, ఇంజనుకు మళ్ళీ ప్రాణం పోశాడు. ఎడమ తలుపు మీది సొట్టను మాత్రం సుత్తితో తాకలేదు. ముందు కోసుగా, వెనక వెడల్పుగా ఉండే ఆ సొట్టను తడమందే ఊళ్ళో ఏ పందెగాడూ బయల్దేరడు. కోళ్ళపాకలో ఉన్నన్నాళ్ళూ, రెట్టలు తొక్కుకుంటూ వెళ్ళి మరీ తడిమొచ్చేవాళ్ళు. ఆదివారం బండిని చర్చి ముందు చౌకులో నిలబెడుతున్నారు. ఊరంతా చూడొచ్చేది ఆ సొట్టనే కదా!

సులేమా మోసుకొచ్చిన బరువైన సంచిని బానెట్ మీద ధన్‌మని పెట్టింది.

"అయ్యయ్యో, కొత్త రంగు!" అని ఎవరిస్తో సంచిని లాగి కింద పెట్టాడు. పక్కనే మాతే ఆకు తేనీటికి కాచిన నీళ్ళు చల్లారిపోతున్నా ఆవిడకు ఒక్క గుక్క ఇవ్వాలని అతనికి అనిపించలేదు. "కొండ మలుపులో మొనదేలిన రాయి వచ్చి గుద్దితే, బండి ఆపకుండా తోలుకొచ్చి మూడోవాడిగా నిలిచాడమ్మా ఆ మహానుభావుడు! దాన్ని చెరిపెయ్యమంటారా?"

"చెరిపెయ్యమనే అంటున్నా."

"మా అమ్మను చూసి నేర్చుకోండి! సరిగ్గా నడవలేకపోయినా వారం వారం కర్ర పట్టుకుని వచ్చి, ఈ సొట్ట మీద చెయ్యి పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పరాయి మనిషికే అంత ఉంటే, కట్టుకున్నవారు, మీకు ఆవగింజంత కూడా లేదా?"

సులేమా మొహం కందగడ్డలా అయింది. "ఆదివారం రిబ్బను కత్తిరించేది ఆవిడేనా?"

"ఊళ్ళో పెద్దావిడ. ఇంకెవరు కత్తిరిస్తారు?"

"అయితే తీస్తావా, తియ్యవా?"

"తియ్యను! నేనే కాదు, ఈ ఊళ్ళో మగాడన్నవాడెవడూ దీని మీద సుత్తి ఎత్తడు!"

సులేమా వంగి సంచిలోంచి పాతకాలపు పోత ఇనప ఇస్త్రీపెట్టె ఒకటి పైకి తీసింది. రెండు చేతులా ఎత్తి తలుపు మీది సొట్టలో ఆనించింది. కోసుకు కోసు, అంచుకు అంచు, అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

ఎవరిస్తో వంగి దగ్గరగా చూశాడు. "మరి... రాయి?"

"రాయని ఊరంతా చెప్పుకున్నాడు. పెళ్ళాం విసిరిన ఇస్త్రీపెట్టె అని చెబితే పరువేం కాను? పందెం నుంచి వచ్చిన రోజే సీటు కింద నాకొకటి దొరికిందిరా అబ్బాయీ."

సంచి అడుగున తడిమి, తాబేటిచిప్ప దువ్వెన ఒకటి తీసి అతని జిడ్డు చేతిలో పెట్టింది.

"ఇది మీ అమ్మకిచ్చెయ్."