దోసెడు నీళ్ళు

పాస్టరు దేవయ్య రొట్టె పళ్ళేన్ని వెనక్కి లాక్కున్నాడు. బుద్రి చాపిన చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"బాప్తిస్మం కాకుండా ప్రభువు బల్లలో భాగం లేదమ్మా. రేపు గెడ్డ నీళ్ళలో ముంచుతాను, ఆ తరవాత తిందువుగాని."

"నన్ను గెడ్డలో దిగనిత్తారేటి, అయ్యగోరూ? జాకర దేవతకి కోడి కొయ్యనన్నానని మా ఊరి పెద్ద, ముఠాదారు, నాకు నీళ్ళాపేసి మూడు నెలలయింది."

ఆ మాట దేవయ్యకు కొత్త. గుడిసె మూలనున్న నీళ్ళ సొరకాయ బుర్ర కనబడింది. "పోనీ, దోసెడు చాలు. తల మీద పోస్తాను," అంటూ అటు చెయ్యి చాపాడు.

బుద్రి ఆ చేతిని పట్టి ఆపింది.

"రెండు కొండలు దాటి తెచ్చినాను. మా గుంటకి, పసిదానికి, రేపటిదాకా తాగడానికవే."

"నీళ్ళు లేకుండా నువ్వు దేవుడి బిడ్డవెలా అవుతావమ్మా?"

"దేవుణ్ణి నమ్మినానని ఆళ్ళు నన్ను నీళ్ళు ముట్టనివ్వరు. నీళ్ళు ముట్టనేదని మీరు నన్ను దేవుణ్ణి ముట్టనివ్వరు. ఆళ్ళకీ మీకూ తేడా ఏటి?"

కొండెక్కి వచ్చిన దేవయ్య ఎండిన పెదాలు నాలుకతో తడుపుకున్నాడు. బుద్రి అది చూసింది. బుర్ర వంచి, ఆకుదొప్ప నింపి అందించింది.

"తాగండి. మా ఇంట్లో ఎవలికీ నీళ్ళాపం."

దొప్ప అందుకోవాలంటే రెండు చేతులూ కావాలి. దేవయ్య పళ్ళెం కింద పెట్టాడు.

బుద్రి రొట్టె ముక్క తీసుకుంది. దేవయ్య ఆపలేదు.